నవంబరు 25న అడవి అంటుకోదు

బోరబండ ఎమ్మెమ్టీఎస్ స్టేషను ప్లాట్‌ఫారం మీద పొద్దున ఏడున్నరకు నిలబడితే ముప్పావు వంతు యూనిఫాంలే కనిపిస్తాయి. సెక్యూరిటీ, హౌస్‌కీపింగ్, క్యాంటీను. తర్వాతి స్టేషను హైటెక్‌సిటీయే కాబట్టి అది సహజమే. నేను ఆ బండి ఎక్కను, రిటైరైనవాణ్ణి. పొద్దున నడక అలవాటు తప్పక సైట్-3లోని మా అబ్బాయి ఇంటి నుంచి అటుదాకా వెళ్ళి వస్తుంటాను. నిరుడు అట్లా నిలబడ్డప్పుడు నీలం ప్యాంటు, తెల్ల చొక్కా, భుజం మీద ఏజెన్సీ బిళ్ళ ఉన్న ఒకతను దగ్గరికొచ్చి చేతులు జోడించాడు.

"గుర్తువట్టలేదా సారూ? పెంటల నుంచి ఫైర్ వాచర్‌గ వచ్చేటోన్ని."

నడక చూసి గుర్తుపట్టాను, ముఖం చూసి కాదు. పెంటలంటే నల్లమలలో చెంచుల గూడేలు. చెంచుల నడక సిమెంటు మీద కూడా దాగదు. ఇప్పుడతను హైటెక్‌సిటీలో ఒక అద్దాల టవర్‌లో ఫైర్ గార్డు. సెల్లారులో వరసగా వేలాడే ఎర్ర సిలిండర్ల ముళ్ళు పచ్చ గీత మీద ఉన్నాయో లేదో చూసి రిజిస్టర్లో సంతకం పెట్టడం అతని పని.

"అక్కడ ఎన్నడన్న అగ్గి లేసిందా తమ్మీ?"

"రెండేండ్లాయె సార్, అగ్గే లేదు. జీతం మాత్రం నెల నెల వస్తది."

బండి వచ్చింది, ఎక్కి వెళ్ళిపోయాడు. ఆ పూట నుంచి నా బుర్రలో మెదులుతున్నదే ఇక్కడ రాస్తున్నాను. అతని పేరు రాయను. అడిగి రాయాల్సిన పేరు అది, నేను అడగలేదు.

నేను నల్లమలలో ఫారెస్టు గార్డుగా చేరి, సెక్షన్ ఆఫీసరుగా దిగిపోయాను. గార్డు అన్న పేరు బీట్ ఆఫీసరైంది, ఫారెస్టరు సెక్షన్ ఆఫీసరైంది. అందరి పలకలూ మారాయిగాని, ఎండాకాలం వచ్చి వానలకు పోయే ఆ మనిషిని మాత్రం అప్పుడూ ఫైర్ వాచర్ అనే అన్నాం, ఇప్పుడూ అదే అంటున్నారు.

అడవిలో మంటలు ఆర్పే పనికి కూలి అనేది మొదట్లో లేనే లేదు. బ్రిటిషు వాళ్ళు అటవీ శాఖ పెట్టింది 1864లో. ఆ దశాబ్దంలోనే మధ్య పరగణాల బోరి అడవిలో కర్నల్ పియర్సన్ మంటలు రాకుండా కాపలా పెట్టి, అది సాధ్యమేనని చూపించాడు. దాంతో అడవిలో నిప్పు నేరమైంది. నేరం సరే, ఆర్పేదెవరు? అడవిలో కట్టెపుల్లకో, పశువుల మేతకో హక్కున్నవాళ్ళంతా మంట కనిపిస్తే వచ్చి ఆర్పాల్సిందేనని చట్టంలో రాశారు. 1927 నాటి భారత అటవీ చట్టం 79వ సెక్షనులో ఇప్పటికీ అదే ఉంది. కూలి మాట అందులో లేదు. మేపుకుంటున్నావు, ఏరుకుంటున్నావు, కాబట్టి వచ్చి ఆర్పు. సర్కారు లెక్క అంతే.

మన వైపు నిజాం జంగ్లాత్ శాఖ. జంగ్లాతోళ్ళంటే పల్లెల్లో ఎంత భయమో మా నాయన తరం చెప్పేది. పటేలుకు చేసే వెట్టి, జంగ్లాత్ జవానుకు చేసే వెట్టి వేరువేరుగా ఉండేవి కావు. హైదరాబాదు అటవీ చట్టం 1355 ఫసలీలో, అంటే 1945-46లో వచ్చింది. దానికి కాస్త ముందే, 1940లో, మానవశాస్త్రవేత్త హైమెన్‌డార్ఫ్ అమ్రాబాద్ పీఠభూమి మీద చెంచుల మధ్య తిరిగి 1943లో వాళ్ళ మీద పుస్తకం వేశాడు.

ఇక్కడొక తమాషా ఉంది. గడ్డి కాల్చి దారి చేసుకోవడం, తేనె దించేటప్పుడు పొగబెట్టడం తెలిసిన చెంచును మొదట నిప్పు పెట్టేవాడి కింద లెక్కగట్టింది ఈ శాఖే. గాలి ఎటు తిరుగుతుందో, ఏ లోయలో మంట ఆగుతుందో అతనికి తప్ప ఇంకెవరికీ తెలియదని గ్రహించాక ఆర్పే పనికి పిలిచిందీ అదే శాఖ. పిలిచింది ఎండాకాలం మటుకే.

నల్లమలలో మంట దానంతటది పుట్టడం నేను నా సర్వీసులో చూడలేదు. ప్రతిదాని వెనకా ఒక చెయ్యి ఉంటుంది. ఇప్పపువ్వు తెల్లగా కనబడాలని చెట్టు కింద ఆకు కాలుస్తారు. తునికి చిగురు బాగా రావాలని ఫిబ్రవరి, మార్చిలో అంటిస్తారు. శ్రీశైలం దారిలో కారు అద్దం దించి సిగరెట్టు పీక విసురుతారు. రాలిన ఆకు మోకాలి లోతు ఉంటుంది. మంట చెట్టెక్కదు, నేల మీదే పాకుతుంది. ఎత్తు తక్కువే, కానీ వరస పొడుగు. రాత్రిపూట కొండ మీద అది పాకుతుంటే దూరానికి దీపావళి దీపాల వరసలా అందంగా ఉంటుంది. ఆ అందం చూసిన టూరిస్టులు ఫొటోలు తీసుకోవడం నేనెరుగుదును.

ఆర్పడానికి నీళ్ళు వాడతారనుకుంటారు చాలామంది. నీళ్ళు తాగడానికే చాలవు. పచ్చి ఆకు గుబురుగా ఉన్న కొమ్మ నరుక్కోవాలి. నేను కొత్తగా చేరిన ఏడాది కొమ్మ ఎత్తి ధన్‌ధన్‌మని కొట్టాను. నిప్పురవ్వలు లేచి నా వెనకాల ఇంకో నాలుగు చోట్ల అంటుకుంది. పక్కనున్న ముసలి చెంచు నా చెయ్యి పట్టుకున్నాడు. "కొట్టకు సారూ, ఒత్తు." ఒత్తి, నేలకు రాస్తూ, కాలిన వైపుకు ఊడ్చుకు రావాలి. నిలబడేది ఎప్పుడూ నల్లబడ్డ నేల మీదే, పచ్చ వైపు కాదు. గాలి వీపుకు తగలాలి. రబ్బరు చెప్పుల అడుగు మెత్తబడి బంకలా సాగుతుంది, అప్పుడు రాయి మీదికి ఎక్కి ఆరనివ్వాలి. ఆరిపోయిందని ఇంటికి పోకూడదు. ఎండిన మోడు తొర్రలో నిప్పు రెండు రోజులు నిద్రపోతుంది. అది విరిగి దొర్లితే కింద లోయ మళ్ళీ రాజుకుంటుంది. అందుకే వాచర్లు రాత్రి అక్కడే పడుకుంటారు. ఇప్పుడు పెట్రోలు బ్లోయర్లు వచ్చాయి, వీపున తగిలించుకుని ఆకును ఊదేస్తే మంటకు మేత దొరకదు. మంచి యంత్రమే. కానీ దాన్ని రాళ్ళగుట్ట మీదికి ఎక్కించేది మనిషి వీపే.

ఈ పనికి ఫిబ్రవరిలో మస్టరు రోల్ తెరిచేవాళ్ళం, జూన్‌లో తొలకరి పడగానే మూసేవాళ్ళం. మృగశిర కార్తె వచ్చిందంటే మాకు ఊపిరి, వాళ్ళకు నిరుద్యోగం. ఆ పుస్తకం రాసింది నేనే. పేరు, తండ్రి పేరు, దినాలు, వేలిముద్ర. తరవాతి ఫిబ్రవరిలో అదే మనిషి పేరును కొత్తవాడిలా మొదటి నుంచి రాసేవాణ్ణి.

1994 ఏప్రిల్ 22న ఆనాటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం జీవో 212 ఇచ్చింది. దినకూలీ మీద అయిదేళ్ళు ఏకబిగిన పనిచేసి, 1993 నవంబరు 25 నాటికి పనిలో ఉన్నవాళ్ళను పర్మనెంటు చేయొచ్చని దాని సారం. మా రేంజిలో అందరికీ ఆశ పుట్టింది. పేరు చెప్పను, ఒక రేంజి. ఆఫీసులో కూర్చుని నేనే జాబితా తయారు చేశాను. జీపు డ్రైవరు, నర్సరీ కూలీ, బంగళా కాపలాదారు... తలా కొన్ని కాయితాలు దొరికాయి. ఫైర్ వాచర్ల దగ్గరికి వచ్చేసరికి ఆ తేదీ చూసి కలం ఆగింది. నవంబరు 25. వానలు వెళ్ళిన నెల, గడ్డి ఇంకా పచ్చగా, వాగుల్లో ఇంకా నీళ్ళు. నవంబరు 25న అడవి అంటుకోదు. అంటుకోని రోజున ఫైర్ వాచరు ఏ పుస్తకంలోనూ ఉండడు. పదిహేనేళ్ళు నిప్పులో నడిచినవాడు కూడా ఆ ఒక్క తేదీన పనిలో లేడు. ఏకబిగిన అన్న మాటా అంతే. ఏటా జూన్‌లో తెగిపోయే సర్వీసుకు బిగి ఎక్కడిది? ఒక్క పేరు రాయలేకపోయాను. ఆ తేదీ పెట్టినవాళ్ళు వీళ్ళను దెబ్బతీయాలని పెట్టలేదు. వీళ్ళు గుర్తే రాలేదు, అంతే. నాకు మాత్రం ఎదురుగా కూర్చున్న మనిషికి అది చెప్పాల్సి వచ్చింది.

2006లో రెండు జరిగాయి. ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఉమాదేవి కేసులో తాత్కాలిక ఉద్యోగికి పర్మనెంటు అడిగే హక్కు లేదని తీర్పు చెప్పింది. అంతకు రెండు నెలల ముందే అనంతపురం జిల్లా బండ్లపల్లిలో ఉపాధి హామీ మొదలైంది, మన రాష్ట్రంలో రోజుకు 80 రూపాయలతో. తీర్పు సంగతి వాచర్లకు తెలియదు. ఉపాధి పని మాత్రం వెంటనే తెలిసింది. అదీ ఎండాకాలపు పనే. మట్టి తవ్వినవాడు మధ్యాహ్నానికి ఇంటికొచ్చి రాత్రి పెళ్ళాం పిల్లల దగ్గర పడుకుంటాడు. మావాడు రాత్రీ పగలూ గుట్ట మీదే. "రెండిట్ల ఏది మంచిది సార్?" అని అడిగితే నా దగ్గర జవాబు లేకపోయింది. 2025-26లో తెలంగాణ ఉపాధి కూలి 307 రూపాయలు. ఆ ప్రశ్న ఇప్పుడడిగినా నేను నోరు మెదపలేను.

ఇంకో సంగతి బోరబండకు వచ్చాకే నాకు పట్టింది. మోతీనగర్ దాటి మూసాపేట మీదుగా కొంచెం పోతే బాలానగర్. అక్కడ జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం ఉంది. ఉపగ్రహాలు చూసిన నిప్పుచుక్కలు షాద్‌నగర్ యాంటెన్నాలకు దిగి, బాలానగర్‌లో లెక్కకొచ్చి, డెహ్రాడూన్‌లోని ఫారెస్ట్ సర్వే మీదుగా బీట్ ఆఫీసరు ఫోనుకు మెసేజీగా వస్తాయి. 2004లో ఈ పద్ధతి మొదలైనప్పుడు ఒక చుక్క అంటే కిలోమీటరు పొడవూ వెడల్పూ ఉన్న చోటు. తర్వాత వచ్చిన ఉపగ్రహం 375 మీటర్ల దాకా దగ్గర చేసింది. చూసే కన్ను ఇరవై ఏళ్ళలో ఇంత పదునెక్కింది. ఆర్పే చెయ్యి మాత్రం మస్టరు రోల్ దగ్గరే ఉంది. నేను బాలానగర్ వాళ్ళను తప్పుపట్టడం లేదు, వాళ్ళ మెసేజీ నన్ను చాలాసార్లు కాపాడింది. మెసేజీ మంటను ఆర్పదు, అంతే నేననేది.

అమెరికా పెద్ద దేశం కదా, అక్కడ ఎట్లా ఉందోనని మా మనవడిని అడిగి చదివించుకున్నాను. అక్కడా సీజను మనుషులున్నారు. వాళ్ళను ఏడాదికి 1,039 గంటలకు మించి పెట్టుకోరు. 2,080 గంటల పని సంవత్సరంలో సగం 1,040. ఒక్క గంట తక్కువ! మన నవంబరు 25కు తోబుట్టువు దొరికిందనిపించింది. ఉద్యోగం పేరేమో 'ఫారెస్ట్రీ టెక్నీషియన్' అని ఉండేది. నిప్పు అన్న మాటే లేదు అందులో. అయితే వాళ్ళు అరిచారు. 2021లో గంటకు కనీసం 15 డాలర్లు చేశారు, 2022లో నిప్పు పేరున్న ఉద్యోగ వర్గం పుట్టింది, 2025 మార్చిలో పెరిగిన జీతం చట్టంలోకెక్కింది. మనవాళ్ళు అరవరు. మనిషి చచ్చిపోయిన రోజున పేపర్లో నాలుగు లైన్లొస్తాయి. 2020 ఫిబ్రవరి 16న కేరళ త్రిశూర్ జిల్లా కొట్టంబత్తూరులో మంట మధ్యలో చిక్కి ముగ్గురు వాచర్లు చనిపోయారు. 2024 జూన్ 13న అల్మోరా దగ్గర బిన్సర్ అభయారణ్యంలో నలుగురు సిబ్బంది కాలిపోయారు. వాళ్ళలో ఒక ఫైర్ వాచరూ, ఒక దినకూలీ ఉన్నారు.

పైకి పోయే మెట్టు లేదా అంటే, కాగితం మీద ఉంది. బీట్ ఆఫీసరు పోస్టు. మగవాళ్ళయితే 25 కిలోమీటర్లు 4 గంటల్లో నడవాలి. పట్నంలో కోచింగుకు పోయిన పిల్లలు ఆ నడకకే నెలల తరబడి సాధన చేస్తారు. మావాడు ఆ దూరం బ్లోయరు మోసుకుని నడుస్తాడు. కానీ ఇంటర్మీడియట్ పాసైన సర్టిఫికెట్టు ఉండాలి. పెంట నుంచి ఆశ్రమ పాఠశాలకు పోయి ఏడో తరగతిలో పారిపోయి వచ్చినవాడికి అది రాదు. పాతిక కిలోమీటర్ల మనిషిని ఒక్క కాగితం ఆపుతుంది.

ఇది నిజంగా సీజను పనేనా అన్నది నా అసలు అనుమానం. డిసెంబరు, జనవరిలో మంటను ఆపే ఫైర్ లైన్లు శుభ్రం చేసి, మంచు దిగే వేళ కాల్చాలి. ఎండాకాలం మంటలతో పాటు జంతువుల నీళ్ళ తొట్లు నింపాలి. వానల్లో మొక్కలు నాటాలి, ఉచ్చులు వెతకాలి, పులి అడుగులు చూడాలి. 2,611 చదరపు కిలోమీటర్ల అమ్రాబాద్ పులుల అడవికి పన్నెండు నెలలూ మనిషి కావాలి. అడవి ఒకటే, పద్దులే వేరు. నిప్పుకు ఒక పథకం, మొక్కకు ఒక పథకం, పులికి ఇంకొకటి. ఒకే మనిషి మూడు పద్దుల్లో మూడు సార్లు కొత్తవాడవుతాడు, ఏ పద్దులోనూ పాతవాడు కాడు. 2024 డిసెంబరులో సుప్రీంకోర్టు జగ్గో కేసులో, కేంద్ర జల సంఘంలో ఏళ్ళ తరబడి ఊడ్చినవాళ్ళ పక్షాన, ఏడాది పొడవునా ఉండే పనికి తాత్కాలికం అన్న పేరు పెట్టి ఉమాదేవి తీర్పును అడ్డం పెట్టుకోవద్దంది. ఆ మాట ఫైర్ వాచరుకు అందాలంటే ముందు మూడు మస్టర్లను ఒక పుస్తకంగా కుట్టాలి. దానికి కొత్త చట్టం అక్కర్లేదు, సూదీ దారం చాలు. ఆ పని నా సర్వీసులో నేనూ చేయలేదు.

మొన్న జనవరి చివర అతను మళ్ళీ స్టేషనులో కలిశాడు. "ఫిబ్రవరి వస్తున్నది, పోవా?" అన్నాను. ఫోను తీసి జీతం చీటీ చూపించాడు. పీఎఫ్, ఈఎస్ఐ అని రెండు కోతలు. ఆ కోతలను వేలితో చూపిస్తున్నప్పుడు అతని ముఖంలో కనిపించినంత గర్వం నేను గుట్ట మీద ఎన్నడూ చూడలేదు. గుట్ట మీద ఇప్పుడు అతని చోట వాళ్ళ చెల్లెలి కొడుకు కొమ్మ పట్టుకుంటున్నాడట. వానలు పడితే వాడు కూడా బోరబండకే వస్తాడు.