నీలం రాజు మీది

గులాబీ, పసుపు, ఆకుపచ్చ రాజులను ముగ్గురూ తీసేసుకున్నారు. మిగిలిన నీలం రాజు మీది. ఎదురుగా నానమ్మ, కుడివైపు ఆవిడ కొడుకు, ఎడమవైపు మనవరాలు. మారేడుపల్లిలో ఆదివారం మధ్యాహ్నం, భోజనాలయ్యాక చాప మీద కింగ్‌డొమినో పరిచారు. ఫ్రాన్స్‌కు చెందిన బ్రూనో కాథలా తయారుచేసిన ఆట ఇది. 2016లో వచ్చింది, ఆ మరుసటి ఏడాదే జర్మనీవాళ్ల ‘ష్పీల్ డెస్ యారెస్’ అవార్డు గెలుచుకుంది.

మీ ముందు ఒక చిన్న కోట. దాని చుట్టూ అయిదు గళ్ల పొడవు, అయిదు గళ్ల వెడల్పు రాజ్యం కట్టాలి. ఒక్కో పలక రెండు గళ్లది: గోధుమ పొలం, అడవి, చెరువు, పచ్చిక, చిత్తడి, గని, వీటిలో ఏవైనా ఉంటాయి, కొన్ని గళ్లలో కిరీటాలూ ఉంటాయి. కొత్త పలక కోటకైనా ఆనాలి, తనలాంటి నేలకైనా ఆనాలి. నలుగురాడితే 48 పలకలూ బయటికొస్తాయి, తలా 12. పన్నెండు రెళ్లు 24, కోటతో కలిపి 25. రాజ్యంలో ఒక్క గడి మిగలదు, ఒక్క గడి తక్కువ పడదు. ఈ లెక్క చూసినప్పుడల్లా నాకు ముచ్చటేస్తుంది.

సగం ఆట అయింది. కొత్త వరుస తిప్పారు: 2, 17, 34, 48. పలకల వెనక ఉండే ఈ అంకెలే ఆటకు ప్రాణం. అంకె పెరిగేకొద్దీ పలక విలువ పెరుగుతుంది. కానీ చిన్న అంకె తీసుకున్నవాళ్లే తర్వాతి వరుసలో ముందు ఎంచుకుంటారు.

ముందు ఎంచుకునే వంతు కొడుకుది. తడుముకోకుండా 48 మీద రాజును నిలబెట్టాడు. అందులో మూడు కిరీటాల గని ఉంది. అతని రాజ్యంలో ఇప్పటికే రెండు కిరీటాల గని ఒకటుంది.

“ఇంకేం, మైసూరు మహారాజువి అయిపోయావు” అంది నానమ్మ. తన వంతు రాగానే 2 మీద పెట్టింది. రెండు గళ్లూ ఉత్త గోధుమ పొలం, కిరీటమన్నదే లేదు.

“నానమ్మా, 34 ఉంది కదా! చెరువులో కిరీటం!”

“నువ్వు తీసుకో తల్లీ.”

పాప తీసుకుంది. మీకు 17 మిగిలింది: అడవి, చెరువు, కిరీటాలు లేవు.

తర్వాతి వరుస తిరిగింది: 9, 22, 39, 44. ఇప్పుడు తెలిసింది మీకు. అందరికంటే ముందు నానమ్మ వంతు. 44లో రెండు కిరీటాల చిత్తడి ఉంది. ఆవిడకు ఉన్న చిత్తడి మూడు గళ్లు, ఒక కిరీటం: మూడు పాయింట్లు. గళ్లను కిరీటాలతో గుణించాలి కాబట్టి ఇది చేరితే నాలుగు మూళ్లు పన్నెండు. మీరు గోధుమ కిరీటం కోసం 22 తీసుకున్నారు. పాప ఏ కిరీటమూ లేని 9 తీసుకుంది. అది రెండు గళ్ల చెరువు, తన చెరువు పెరిగితే చాలు. కొడుక్కి 39 మిగిలింది: పచ్చిక, చిత్తడి. అతని రాజ్యంలో ఆ రెండూ లేవు, కోట పక్కన ఖాళీ లేదు. పలక పక్కన పడేయాల్సిందే. రాజ్యం నిండితే వచ్చే అయిదు పాయింట్లూ దాంతోపాటే పోయాయి.

“లక్కు ఆట అమ్మా ఇది. స్ట్రాటజీ అంటారు గానీ, ఏ ముక్క వస్తుందో ఎవరికి తెలుసు?”

“అష్టాచెమ్మాలో గవ్వలు పడ్డట్టే ఆడాలిరా. ఇక్కడ నాలుగూ నీ కళ్లముందే ఉన్నాయి. 48 తీసుకున్నప్పుడే ఆఖరి వంతు కూడా తీసుకున్నావు.”

నేను నానమ్మ వైపే. నలుగురాటలో పలకలన్నీ వస్తాయి కనుక లెక్క పెట్టుకోవచ్చు. గోధుమ గళ్లు 26 ఉన్నా వాటిలో కిరీటాలు అయిదే. గని గళ్లు ఆరంటే ఆరు, కిరీటాలు మాత్రం పది. ఇది తెలిసినవాళ్లు, తెలియనివాళ్లు ఒకే ఆట ఆడరు. అయితే కొడుకు మాట ఒకచోట నిజం. ఇద్దరే కూర్చుని అయిదు గళ్ల రాజ్యం కట్టుకుంటే సగం పలకలు పెట్టెలోనే ఉండిపోతాయి. ఎదురుచూసిన గని అసలు రాకపోవచ్చు. అప్పుడు అదృష్టం పాలు పెరుగుతుంది.

ఆట ముగిసింది, కూడండి. కొడుకు గని రెండు గళ్లు, అయిదు కిరీటాలు: పది. ఆరు గళ్ల అడవి ఉంది, కిరీటం లేదు: సున్నా. ఆ సున్నా దగ్గర అతను కాసేపు ఆగాడు. నానమ్మ చిత్తడి అయిదు అయిదులు 25. పాప చెరువు ఏడు నాలుగులు 28. మొత్తం మీద రెండు పాయింట్లతో పాపే గెలిచింది.

“ఈసారి రాక్షసుల పెట్టె!” అని పాప పట్టుబట్టింది. ఈ ఆటకు అనుబంధంగా 2018లో వచ్చిన ‘ఏజ్ ఆఫ్ జెయింట్స్’ అది. రాక్షసుడొచ్చి కిరీటం మీద కూర్చుంటే ఆ కిరీటం లెక్కకు రాదు. వాణ్ని పక్కవాళ్ల రాజ్యంలోకి తరిమే వీలూ ఉంది, పాపకు అదే ఇష్టం. కొడుక్కి మాత్రం అది నచ్చదు. కష్టపడి కట్టుకున్నది ఇంకొకరు పాడుచేయకపోవడమే ఈ ఆటలో సుఖమంటాడు. నాకూ అంతే.

“ఇద్దరమే ఆడదాం, ఏడు గళ్ల రాజ్యం” అన్నాడు తల్లితో. 48 పలకలూ వస్తాయి, తలా 24. కోటతో 49, ఏడు ఏడులు.

“వెయ్యరా. ఈసారి గని వస్తే నేనే తీసుకుంటా” అంది నానమ్మ, పలకలు బోర్లించి కలుపుతూ.