సముద్రమాత మాజు



నడిసంద్రమున నావ మునుగుచుండగా మానవుడు ఎవరిని పిలుచును? తుగ్రుని కుమారుడు భుజ్యుడు ఊతమేమియు లేని సముద్రమున అశ్వినీదేవతలను పిలువగా, వారతనిని నూరు తెడ్ల నావలో గట్టు చేర్చిరని ఋగ్వేదము చెప్పుచున్నది. అట్టి మొరయే చీనాదేశమున ఒక ద్వీపబాలికను దేవతగా నిలిపినది. ఆ చరిత్రను నేడు మనవి చేయుచున్నాము.

ఫుజియన్ తీరమున మేజౌ అను జాలరుల ద్వీపము కలదు. క్రీ.శ. 960లో అచ్చట లిన్ వారి యింట ఒక ఆడుబిడ్డ జన్మించెనని ఐతిహ్యము. పుట్టినపుడు ఏడువనందున, మౌని యను అర్థమున 'మో' అని పేరిడిరి. ఒకనాడామె మగ్గము చెంత సమాధిస్థితి నొందెను. తుపానులో చిక్కిన తండ్రిని, సోదరులను కాపాడుటకై ఆమె ఆత్మ కడలిమీదికి పోయెను. బిడ్డ మరణించెనని భయపడి తల్లి తట్టి లేపగా పట్టు సడలి, వారిలో ఒకరు నీటిపాలైరి. 987లో ఆమె అవివాహితగనే దేహము విడిచెను. మన పల్లెలలో పేరంటాండ్రకు గుడి కట్టినట్లే, ద్వీపవాసులు ఆమెకు గుడి కట్టి కొలిచిరి. 'మాజు' అనగా తల్లి, పూర్వీకురాలు అని అర్థము.

జాలరుల దేవతను రాజులు తరువాతనే గుర్తించిరి. 1123లో కొరియాకు పోవు రాయబారి ఓడ తుపాను తప్పించుకొనగా, సోంగ్ చక్రవర్తి ఆమె గుడికి నామఫలకము నొసగెను. 1281లో కుబ్లయ్ ఖాన్ 'తియన్‌ఫే', అనగా దివ్యరాజ్ఞి, అను బిరుదమిచ్చెను. ఆ 1281 నాటిదే, ఫుజియన్‌లోని చువాన్‌జౌ రేవున శివప్రతిష్ఠను తెలుపు తమిళ శాసనమొకటి లభించినది. కడలి దాటిన మనవారు శివుని, అచ్చటి నావికులు మాజును శరణు వేడిరి. ఇరువురి నావలను ఊపిన అల యొక్కటే. 2009లో యునెస్కో మాజు ఆరాధనను మానవజాతి వారసత్వముగా గుర్తించినది.

ఈ కథ మాకొక అపరాధమును గుర్తుచేయును. యౌవనమున ఒక పల్లెపాలెములో వృద్ధురాలొకతె గంగమ్మ ప్రసాదము నీయగా, శాస్త్రోక్తము కాదని మేము చేయి చాపలేదు. ఆమె యేమియు అనలేదు. ఆమె పెనిమిటి వేటకు పోయి తిరిగి రాలేదని పిమ్మట తెలిసినది. భుజ్యుని కథ వల్లించిన నోటితోనే ఆ తల్లిని కాదంటిమి. వేదము ఆలకించిన మొరను మేము ఆలకింపలేదు.

కావున సముద్రతీరమున చిన్న గుడి కంటబడినచో, అది యెవరిదని అడుగకుడు. ఎవరి కొఱకు వెలసినదో తలచి చేతులు జోడింపుడు.

శుభం భూయాత్.