పాత డీజిల్ ఇంజనుకు కొత్త భాగం వేశాక నూనె కారితే

బావుల వద్ద, చెరకు గానుగల వద్ద, పిండి మరల వద్ద మన పల్లెలవారు వాడుతూ వచ్చిన పాత డీజిల్ ఇంజన్లలో లిస్టర్ నమూనా ప్రసిద్ధమైనది. ఆరు అశ్వశక్తి గల ఈ ఇంజను నిమిషానికి 650 చుట్లు తిరుగుతుంది. దీని మూలరూపం ఇంగ్లండుది. మన దేశంలో గుజరాత్‌లోని రాజ్‌కోట్ కార్ఖానాలు అనేకం దీనిని తయారు చేశాయి. అందువలన నమూనా ఒకటే అయినా, ఒక కార్ఖానా భాగం మరొకదాని ఇంజనుకు అచ్చంగా అమరకపోవచ్చును. కొత్త భాగం వేసిన మరునాడే నూనె కారడానికి ఇదొక ముఖ్య కారణం.

ఎందుకు ఉపేక్షించరాదు

ఈ తరగతి ఇంజన్లు చాలావాటిలో కనెక్టింగ్ రాడ్ అడుగున ఉండే చెంచా వంటి కొన, నూనెను చిమ్మి బేరింగులకు అందిస్తుంది. మట్టం బాగా తగ్గితే ఆ కొనకు నూనె తగలదు, బేరింగు మాడిపోతుంది. కాగితపు ప్యాకింగుతో తీరవలసిన పని క్రాంక్ షాఫ్ట్ ఖర్చుకు దారితీస్తుంది.

కారే చోటు గుర్తించుట

తడి కనబడిన చోటే లోపమున్నదని భావించరాదు. నూనె పైనుండి జారుతుంది. ఫ్లైవీలు గాలికి చెదురుతుంది. ఇంజనును ఆపి, కిరోసిన్‌తో కడిగి, ఆరిన తరువాత అతుకుల మీద సుద్దపొడి చల్లి కొద్దిసేపు నడపాలి. పొడి మొదట తడిసిన ఎత్తైన చోటే అసలు లోపం. ఇంజను తిరుగుతుండగా చేయి గాని, తువ్వాలు గాని, చీర కొంగు గాని ఫ్లైవీలు దరికి పోనీయరాదు.

ముందుగా బ్రీదరు

ఒకేసారి పలు అతుకుల వద్ద నూనె చెమరిస్తే ప్యాకింగులను నిందించే ముందు బ్రీదరును విప్పి చూడాలి. లోపలి గాలిని బయటకు పంపి, బయటి గాలిని లోనికి రానీయకపోవడం దాని పని. అందులోని రేకు మడ్డి పట్టి అంటుకుంటే లోపలి ఒత్తిడి నూనెను అతుకులలోనుండి నెట్టివేస్తుంది. శుభ్రపరచినా గాలి బలంగా తన్నుతుంటే పిస్టన్ రింగులు అరిగినట్లు అనుమానించాలి.

భాగం అమర్చునపుడు

పాత భాగాన్ని, పాత ప్యాకింగును వెంట తీసుకొనిపోయి, అంగడిలోనే కొత్తవాటితో రంధ్రాలను, మందాన్ని సరిపోల్చాలి. బళ్లారికో హోసూరుకో రెండవసారి పోయే ప్రయాస తప్పుతుంది.

సిలిండర్ అడుగు ప్యాకింగు మందం, పిస్టన్‌కూ హెడ్డుకూ నడుమ ఖాళీని నిర్ణయిస్తుంది. కారడం ఆగుతుందని మందమైనది వేస్తే కంప్రెషన్ తగ్గి ఇంజను అందుకోవడం కష్టమవుతుంది. బేరింగు హౌసింగు వద్ద మరీ పలుచనిది వేస్తే క్రాంక్ షాఫ్ట్ బిగుసుకొని వేడెక్కుతుంది.

పాత ప్యాకింగు తునకలను గీతలు పడకుండా గీకివేయాలి. సీలెంటు పలుచని పొరగా చాలును. ఎక్కువైనది లోనికి ఊడిపడి నూనె దారిని మూసివేస్తుంది. నట్లను ఎదురెదురుగా, రెండు మూడు విడతలుగా బిగించాలి. కొత్త బోల్టు పొడవైనదైతే రంధ్రం అడుగును తాకి, బిగిసినట్లే తోచినా భాగాన్ని పట్టదు.

ఆయిల్ సీల్ పెదవి నూనె వైపునకు ఉండాలి. దానికి నూనె రాసి, షాఫ్ట్ కీ గాడిని టేపుతో కప్పి ఎక్కించాలి. షాఫ్ట్ మీద పాత సీల్ గాడి పడి ఉంటే కొత్త సీల్‌ను కొంచెం జరిపి కూర్చోబెట్టాలి. రాగి వాషరును ఎర్రగా కాల్చి చల్లార్చితే మెత్తబడి మరల పనికివస్తుంది.

చివరి పరీక్ష

ఇంజనును నడిపి, ఆపి, చల్లారిన తరువాత నట్లను, నూనె మట్టాన్ని మరొకసారి చూడాలి. మట్టం తగ్గకపోగా పెరిగితే మరింత ప్రమాదం: డీజిల్ నూనెలో కలుస్తున్నదని అర్థం. పలుచబడిన నూనె బేరింగులను కాపాడలేదు. కారణం తెలుసుకొని, నూనె మార్చేవరకు ఇంజనును నడపరాదు. తీసిన పాత నూనెను బావి గట్టున గాని కాలువలో గాని పారబోయక డబ్బాలో భద్రపరచాలి.