వెండి రూపాయి దిగిన కాలము: బొంబాయి నూలు, మనవారి వలస

ఉగాదినాడు పంచాంగశ్రవణములో సిద్ధాంతిగారు ఆ యేటి అర్ఘాధిపతి ఎవరో, నీరసాధిపతి ఎవరో చెప్పుదురు. అర్ఘమనగా ధర. నీరసములలో బంగారము, వెండి మొదలగు లోహములు చేరును. వెండి హెచ్చునా తగ్గునా అని పెద్దలు చెవి యొగ్గి వినుట నగల కొరకే యని నేటి పిల్లలు తలచవచ్చును. కాని మన ముత్తాతల కాలమున వెండి తగ్గుట యనగా చేతిలోని రూపాయియే తగ్గుట. ఆ తగ్గుదలతో బొంబాయి మిల్లుల నూలు చైనాకు విరివిగా పోయినది. మన వంటింటి ఉప్పు ప్రియమైనది. ఆ కథ చివరిభాగములో మన వలస కూడ కొంత ఇమిడియున్నందున ఈ సంచికలో దానిని చెప్పదలచితిమి.

నైజాము ఇలాకా నుండి వచ్చిన కుటుంబములకు రెండు రూపాయల సంగతి క్రొత్త కాదు. బొంబాయిలోను షోలాపూరులోను కూలి కల్దారు రూపాయలలో ముట్టెడిది. ఊరిలో అంగడి, శిస్తు హాలీ సిక్కాలో నడిచెడివి. కడపటి రోజులలో ఆరు కల్దార్లకు ఏడు హాలీలు లెక్క. ఆరు పంపిన ఏడు చేరెననుట వినుటకు ఇంపుగానే యుండును. కాని ఊరిలో జొన్నల ధర కూడ హాలీలోనే గదా! నాణెము దిగినపుడు లాభపడునది ఎవరనగా, రాబడి ఒక నాణెములో, ఖర్చు మరియొక నాణెములో ఉన్నవారు. అదియు ఖర్చు పెట్టు నాణెము దిగినపుడే. రాబడి యే దిగిన నాణెములో ఉన్నచో నష్టము. సముద్రవ్యాపారమునకును ఇదే లెక్క.

1835 నాటి చట్టము ప్రకారము రూపాయి తూకము 180 గ్రెయినులు, అనగా ఒక తులము. అందులో మేలి వెండి 165 గ్రెయినులు. ఎవరైనను వెండి తెచ్చి టంకశాలలో ఇచ్చి, కొంచెము రుసుము చెల్లించి, రూపాయలు కొట్టించుకొని పోవచ్చును. కనుక రూపాయి విలువ వెండి విలువతోనే నడిచెడిది. ఇంగ్లండువారిది బంగారు నాణెము. 1871-72 లో రూపాయికి సుమారు 23 పెన్సులు వచ్చెడివి. ఇంతలో జర్మనీ బంగారమునకు మారి పాత వెండిని అమ్మసాగినది. ఫ్రాన్సు, దాని తోడి దేశములు వెండి నాణెముల ముద్రణకు హద్దు పెట్టినవి. అమెరికాలోని నెవాడా గనుల నుండి క్రొత్త వెండి వచ్చి పడినది. 1892-93 నాటికి రూపాయికి సగటున 15 పెన్సులైనను రాలేదు. ఇరువది యేండ్లలో మూడవ వంతు పోయినది!

బొంబాయి (నేటి ముంబయి) లో కవాస్జీ దావరు తొలి నూలుమిల్లుకు 1854 లో పూనుకొనెను. 1870 తరువాత మిల్లులు ఒకదాని వెంట ఒకటి లేచినవి. అవి వడికిన 10, 20 నంబరుల ముతక నూలు చైనా నేతగాండ్రకు సరిగా అక్కరకు వచ్చినది. అంతవరకు చైనాకు నూలు పంపుచుండినవారు లంకాషైరు మిల్లువారు. ఇక్కడ ఒక చిన్న లెక్క చూడుడు. లంకాషైరులో ఒక పౌను ఖరీదుగల నూలు ఉన్నదనుకొందము. రూపాయికి 24 పెన్సులు వచ్చునపుడు ఆ నూలు పది రూపాయల వెండికి సమానము. 15 పెన్సులే వచ్చునపుడు పదునారు రూపాయల వెండి కావలెను. చైనాలో చెలామణి వెండియే. బొంబాయిలో ప్రత్తి కొనుట, కూలి యిచ్చుట వెండి రూపాయలతోనే. కనుక బొంబాయి నూలు ధర చైనా బజారులో మునుపటి వలెనే నిలిచెను. లంకాషైరు నూలుకే వెండి యెక్కువ కావలసి వచ్చెను.

వాస్తవములో తేడా ఇంత హెచ్చుగా లేదు. ఆ యేండ్లలో బంగారపు దేశములలో ధరలే తగ్గుచుండెను; ఒక పౌను నూలు ఒక పౌనుగా నిలువలేదు. అయినను 1880 తరువాతి దశాబ్దిలో చైనాలో బొంబాయి నూలు లంకాషైరు నూలును మించిపోయెను. మాంచెస్టరు వర్తక సంఘమువారు 1888 లో దీనిపై విచారణ జరిపిరి. రూపాయి దిగుటయే కారణమని కొందరు, ప్రత్తిచేలకును చైనాకును బొంబాయి దగ్గరగా నుండుటయే కారణమని కొందరు వాదించిరి. మా దృష్టిలో రెండును నిజమే. బీరారు, ఖాందేశముల ప్రత్తి చేరువలో లేకున్నచో రూపాయి ఎంత దిగినను అమ్ముటకు నూలు ఎక్కడిది?

ఈ మాటకు 1966 సాక్షి. ఆ యేడు జూన్ 6న ప్రభుత్వము రూపాయి విలువను తగ్గించెను, డాలరు 4.76 రూపాయల నుండి 7.50 రూపాయలకు పోయెను. కాని 1965 లోను 1966 లోను వానలు లేవు. పైగా జనుము, తేయాకు వంటి సరకులపై అప్పుడే ఎగుమతి సుంకము వేసిరి; పాత ప్రోత్సాహకములను తీసివేసిరి. ఎగుమతులు వెంటనే పెరుగలేదు సరికదా, డాలరు లెక్కలో తగ్గినవి.

మరల వెండి కాలమునకు వత్తము. మిల్లు యజమానికి లాభము వచ్చినది గాని, అదియు పూర్తి లాభము కాదు. కదుళ్లు, యంత్రములు ఇంగ్లండు నుండి రావలెను. వానికి బంగారపు ధర. అంతకన్న పెద్ద బరువు ప్రభుత్వముది. దొరల పింఛనులు, రైలు పెట్టుబడుల వడ్డీ, లండనులోని ఇండియా కార్యాలయపు ఖర్చులు ఏటేట పౌనులలో చెల్లవలెను. 1892-93 లో అట్లు పంపినది 1 కోటి 65 లక్షల పౌనులు. దానికి పట్టిన రూపాయలు 26 కోట్ల 47 లక్షలు. 1873-74 నాటి మారకమే నిలిచియున్నచో 17 కోట్ల 75 లక్షలతో తీరిపోయెడిది. అనగా ఒక్క యేటిలో 8 కోట్ల 72 లక్షలు అదనము. దానిని మోసినది ప్రజలే. 1886 లో ఆదాయపు పన్ను వచ్చెను. 1888 లో ఉప్పు పన్ను మణుగుకు రెండు రూపాయల నుండి రెండున్నర రూపాయలాయెను. నూలు ఎగుమతి సంగతి ఎన్నడు వినని పల్లెటూరి ముసలమ్మ కూడ దిగిన రూపాయికి తన పాలు ఉప్పుకుండలో చెల్లించినది. తమ జీతపు రూపాయలు లండనులో తక్కువ పలుకుచున్నవని మొరపెట్టుకొన్న దొరలకు మాత్రము 1893 లో పరిహారపు భత్యము దొరకెను!

ఆ యేడే, జూన్ 26న, హెర్షెలు సంఘపు సలహాపై టంకశాలలను ప్రజల వెండికి మూసివేసిరి. రూపాయిని 16 పెన్సులకు చేర్చవలెనని సంకల్పము. మొదట ఫలితము కనబడలేదు. మారకము ఇంకను దిగి 1894-95 లో 13 పెన్సుల చేరువకు వచ్చెను. కాని 1898 నాటికి 16 పెన్సులు నిలిచినవి. రూపాయి వెండి నుండి విడివడినది. ఖజానాకు ఇది ఊరట. రైతు మీద పన్ను బరువు దీనివలన ఇంకను పెరుగునని దాదాభాయి నౌరోజీ వాదించెను. దొరకు రూపాయి కష్టమైనపుడు అదే రూపాయిలో శిస్తు కట్టువానికి కష్టము కాదా?

చైనా వెండిలోనే ఉండిపోయినందున అక్కడి వెండికి ఇప్పుడు తక్కువ రూపాయలు వచ్చెడివి. బొంబాయి నూలు చైనాలో ప్రియమైనది. మునుపు లంకాషైరుకు పట్టిన గతి ఇప్పుడు బొంబాయికి పట్టినది. జపాను మిల్లులు పోటీకి దిగినవి. ఆ ప్రభుత్వము 1894 లో నూలు ఎగుమతి సుంకమును, 1896 లో ప్రత్తి దిగుమతి సుంకమును తీసివేసెను. బొంబాయిలో 1896 నుండి ప్లేగు. ఇన్ని దెబ్బలకును చైనా వ్యాపారము ఒక్కసారి కూలలేదు. ఇరువదవ శతాబ్ది తొలి యేండ్లలో కూడ బాగుగనే నడిచి, మొదటి ప్రపంచయుద్ధము నాటికి జపానుకు చోటు విడిచినది. మారకమొక్కటే వ్యాపారమును ఎత్తదు, కూల్చదు అని మేమనుట అందుకే.

నూలుకు బయటి గిరాకి సన్నగిల్లుచుండగా, ఆ నూలుతో గుడ్డ తామే నేయుదమని మిల్లులవారు మగ్గములు పెంచిరి. 1905 నాటి స్వదేశీ ఉద్యమము గుడ్డకు దేశములోనే గిరాకి తెచ్చెను. మర మగ్గమునకు చేయి తిరిగిన నేతగాడు కావలెను. కామాఠీపురాకు ఆ పేరు తెచ్చిన తెలుగు కూలీలు అంతకు చాల ముందే వచ్చి బొంబాయి కట్టడములకు రాళ్లు మోసిరి. ఇప్పుడు వచ్చినవారు నల్లగొండ, కరీంనగరు, వరంగల్ సీమల పద్మశాలీలు. ఊరిలో తమ చేతిమగ్గమును దెబ్బతీసిన మిల్లుగుడ్డనే బొంబాయి నేతశాలలో నిలిచి నేసిరి; షోలాపూరు చేరినవారిలో అనేకులు సొంత మగ్గము విడువలేదు. చైనా నూలు బేరము పోవుటయే వలసకు కారణమని మేమనము. ఊరి కరవులు, అప్పులు ఉండనే ఉన్నవి. కాని మగ్గముల పెరుగుదలకు ఆ బేరపు కథ ఒక మెట్టు.

వారు పంపిన కల్దార్లు ఊరు చేరి హాలీలైనవి. హైదరాబాదు సంస్థానము భారతదేశములో చేరిన తరువాత కొన్నేండ్లకు హాలీ సిక్కా చెలామణి నిలిచిపోయినది. ఆరింటికి ఏడు లెక్క దానితోనే పోయినది.