దంతోష్ఠ్య ధ్వనులు

క్రింది పెదవిని పై ముందుపండ్ల అంచునకు చేర్చి, ఆ సందున ఊపిరిని వెడలించుటచే పుట్టు హల్లులకు దంతోష్ఠ్యములని పేరు. అందు నాదతంత్రులు కంపింపనిది 'కాఫీ' అను మాటలోని రెండవ హల్లు. కంపించునది ఆంగ్లేయుల 'వి' ధ్వని.

వీని విచారము భారతదేశమున మిక్కిలి ప్రాచీనము. పాణినీయశిక్ష వకారమును దంతోష్ఠ్యమనగా ఋక్ప్రాతిశాఖ్యము ఓష్ఠ్యములలో చేర్చినది. తైత్తిరీయ ప్రాతిశాఖ్యమో, పెదవి అంచులు దంతములతో కూడుటచే అది పుట్టునని మఱింత సూక్ష్మముగా చెప్పినది. ఈ భేదమును శాస్త్రకారుల అనవధానముగా నెంచుటకంటె, ఆయా శాఖలవారి ఉచ్చారణలే వేఱుగా నుండెననుట యుక్తము. తెలుగు వకారమందును ఒరపిడి స్వల్పము. అద్దము ముందు 'వాన' యని పలికినచో పెదవి పండ్లను తాకీతాకనట్లుండుట కానవచ్చును.

ఇక 'ఫ్' ధ్వని చరిత్ర వేఱు. మూల ఇండో-యూరోపియను భాషయందు అది లేదని పండితుల నిర్ణయము. సంస్కృతమున భకార ధకారములుగా నిలిచిన ప్రాచీన ధ్వనులు లాటినున పదాదియందు 'ఫ్' అయినవి: మన 'భ్రాత' అచట 'ఫ్రాటెర్', మన 'ధూమము' 'ఫూముస్'. గ్రీకుల 'ఫై' యన్ననో, మొదట ఊపిరితో కూడిన పకారమే. అందుచేతనే ఫుండానియుసు అను పేరిటి తొలి యక్షరమును పలుకలేని గ్రీకు సాక్షిని రోమను వాగ్మి సిసెరో పరిహసించెనని అలంకారికుడు క్వింటిలియను వ్రాసినాడు. కాలక్రమమున ఆ 'ఫై' యే దంతోష్ఠ్యమైనది!

తెలుగునను ఇట్టి మార్పే జరుగుచున్నది. ఫకీరు, ఫిర్యాదు, ఫైలు మొదలగు అన్యదేశ్యములు వచ్చినప్పుడు మన లిపి వేఱక్షరమును కల్పింపక ఫకారముననే వానిని ఇముడ్చుకొన్నది. దాని ఫలితముగా 'ఫలము', 'ఫణి' వంటి సంస్కృతపదములను సయితము నేడు పలువురు పెదవిని పండ్లకానించియే పలుకుచున్నారు.

వేటాడి తిను జాతుల భాషలలో ఈ ధ్వనులు అరుదనియు, పండ్ల వరుసలు అంచుకంచు తగులుటయే దానికి కారణమనియు 1985లో భాషాశాస్త్రవేత్త చార్లెస్ హాకెట్టు ప్రతిపాదించెను. 2019లో బ్లాసీ మున్నగువారు దవడల కదలికను గణించి, మెత్తని ఆహారముచే పైపండ్లు ముందుకు నిలిచిన నోట వీనిని పలుకుటకు కండరముల శ్రమ దాదాపు 30 శాతము తగ్గునని తేల్చిరి. ఐనను ఆహారమొక్కటే చాలదు: యవలు, వరి పండించుకొని తిన్న సంస్కృతభాషీయుల వర్ణమాలలో దంతోష్ఠ్యమైన 'ఫ్' లేదు, తెలుగువారికిని అది అన్యభాషల సాంగత్యముననే లభించినది.