ఆల్‌స్టర్‌డోర్ఫ్ ఆశ్రమ చరిత్ర – మన సంఘములకొక ప్రశ్న



ఈ శతాబ్ది సంచికకు చరిత్ర వ్యాసమొకటి వ్రాయుమని కోరినప్పుడు, మన దేవాలయములను గూర్చియు, బోర్డింగు పాఠశాలలను గూర్చియు వ్రాయగల పెద్దలు అనేకులున్నారు గనుక మేము వేరొక విషయము తీసికొంటిమి. గృహదర్శనములకు వెళ్లునప్పుడు కొన్ని ఇండ్లలో ప్రార్థన ముగిసిన తరువాత తల్లి మెల్లగా అడుగు ప్రశ్న యొకటి కలదు. "మేము కన్ను మూసిన తరువాత వీడి గతి ఏమిటి, అయ్యగారూ?" బుద్ధివికాసము తక్కువగా పుట్టి, ఇప్పుడు ముప్పది నలువది ఏండ్ల వాడైన కుమారుని గూర్చి ఆమె అడుగుచున్నది. ఈ ప్రశ్నకు జవాబు చెప్పబోయి, ఒక సంఘము ఎట్లు మంచిగా ఆరంభించి ఎంత దూరము తప్పిపోయెనో చూచుట మేలని తోచినది.

ఆ సంఘము జర్మనీలోని హాంబర్గు పట్టణమునకు చెందినది. ఆ పట్టణము మనకు బొత్తిగా పరాయిది కాదు. 1836లో అక్కడ ఏర్పడిన ఉత్తర జర్మన్ మిషను వారే 1840లలో రాజమండ్రికి మిషనరీలను పంపిరి. పిమ్మట ఆ పని అమెరికా లూథరన్ వారి చేతికి వచ్చెను.

హైన్రిఖ్ సెంగెల్‌మన్ గారు 1821లో హాంబర్గులో జన్మించిన పాస్టరు. బుద్ధిమాంద్యము గల పిల్లలు ఆ దినములలో ఇంటి మూలనో, పశువుల పాకలోనో, లేదా పిచ్చివారి మధ్యనో పడియుండెడివారు. వారిని గూర్చి భారము కలిగి ఆయన 1863 అక్టోబరు 19న ఆల్‌స్టర్‌డోర్ఫ్ అను చోట నలుగురు బాలురతో ఒక ఆశ్రమము తెరచెను. నాలుగేండ్లు గడవక మునుపే పట్టణములోని పేరుగల దేవాలయములో పాస్టరు పదవిని విడిచి పూర్తిగా ఈ పనికే తన్ను ఇచ్చుకొనెను. వారికి చదువు, చేతిపని, ఆరాధన మూడును కావలెనని ఆయన అభిప్రాయము. 1885లో ఈ విషయమై పెద్ద గ్రంథమొకటి వ్రాసెను. (ఆ గ్రంథనామములోని మాటను ఈ దినమున ఎవరిని గూర్చియు పలుకకూడదు, ఆ కాలమున వైద్యులు వాడిన మాట అదియే.) 1899లో ఆయన మృతి నొందునాటికి అక్కడ వందల మంది నివసించుచుండిరి.

ఆశ్రమము పెరిగిన కొలది గోడలును పెరిగినవి. హాంబర్గు ప్రజలకు లోపలివారు ఎవరో తెలియదు, లోపలివారికి బయట ఎవరును లేరు. నాజీల కాలము వచ్చినప్పుడు దీని ఫలము కనబడెను. 1938లో అప్పటి డైరెక్టరు పాస్టర్ ఫ్రీడ్రిఖ్ లెన్ష్ గారు ఆశ్రమ దేవాలయములో బలిపీఠము వెనుక గోడమీద చిత్రమొకటి వేయించెను. నడుమ సిలువ వేయబడిన ప్రభువు, చుట్టును పదునైదుగురు. పన్నెండుగురి తలల చుట్టు ప్రభావలయములు కలవు, ముగ్గురికి లేవు. ఆ ముగ్గురు ఆశ్రమవాసులని చూచువారు గ్రహించిరి.

అదే కాలములో బెర్లిను సమీపమున లోబెటాల్ ఆశ్రమమును నడుపుచున్న పాస్టర్ పౌల్ బ్రౌనె గారు, వికలాంగులను ఎక్కడికి తీసికొనిపోయి ఏమి చేయుచున్నారో వివరములు కూర్చి 1940 జూలైలో ప్రభుత్వమునకే వ్రాసి పంపెను. ఆగస్టులో ఆయనను చెరలో వేసిరి. ఇద్దరును పాస్టర్లే, ఇద్దరును ఆశ్రమాధిపతులే. ఈ భేదము వేదాంత కళాశాలలో చదివిన మావంటివారిని చాల కలవరపెట్టును. 1943లో హాంబర్గుమీద బాంబులు పడి ఆల్‌స్టర్‌డోర్ఫ్ కట్టడములు కొన్ని దెబ్బతిన్నప్పుడు, తన ఆశ్రమవాసులను వేరొకచోటికి తరలింపుమని కోరినవాడు లెన్ష్ గారే. 228 మంది స్త్రీలు, బాలికలు వియన్నాకు పంపబడిరి. మొత్తము మీద ఆ కాలమున అక్కడనుండి పంపబడినవారు 630 మంది. వారిలో అయిదు వందల మందికి పైగా చంపబడిరి; ఆకలిచేత, మందులచేత.

యుద్ధము ముగిసెను గాని పెద్ద హాళ్లు అట్లే నిలిచినవి. 1979లో జర్మను వారపత్రిక యొకటి అక్కడి స్థితిని ఫొటోలతో ప్రచురించినప్పుడు దేశమంతయు ఉలికిపడెను. కిక్కిరిసిన హాళ్లు, చాలని పనివారు, ఏ పనియు లేక గడచు దినములు. ఈసారి దుర్మార్గులు ఎవరును లేరు. ఉన్నవారు అలసిన పనివారు మాత్రమే, వారిలో భక్తిగలవారును కలరు. తిండి, బట్ట, పడక ఉండెను. అయినను అది జీవితము కాదు. మా దృష్టిలో ఈ 1979 సంగతి 1943 సంగతికంటె మనకు దగ్గరది.

అటుపిమ్మట మార్పు నెమ్మదిగా వచ్చెను. 1987లో తమ గత దోషములను తామే గ్రంథముగా వెలువరించిరి. ఆశ్రమవాసులు క్రమముగా పట్టణములోని సాధారణ వీధులలో చిన్న ఇండ్లకు మారిరి. సహాయకులు అక్కడికే వెళ్లుచున్నారు. పాత ఆవరణములో 2003లో బజారు ఏర్పడెను. గోడమీది చిత్రమును దేవాలయమునుండి వేరుచేసి, 2022లో ఆరుబయట జ్ఞాపకస్థలముగా నిలిపిరి.

చిన్న ఇల్లయినంత మాత్రమున సరిపోవునా? నలుగురున్న ఇంటిలోకూడ పెద్ద హాలు కట్టవచ్చును. తలుపు తాళము ఎవరియొద్ద ఉన్నది? రాత్రి ఏమి వండవలెనో ఎవరు చెప్పుదురు? గదిలో తోడు ఎవరుండవలెనో అతని నడిగిరా? అతని పింఛను డబ్బు ఎవరి చేతిలో ఉన్నది? దావీదు మెఫీబోషెతును రాజు బల్లయొద్ద కూర్చుండబెట్టిన సంగతిని మనము తరచు ప్రసంగింతుము. అయితే అతని పొలములు సీబా చేతిలో ఉండెననియు, ఆ సీబా రాజునొద్ద అతనిమీద కొండెము చెప్పెననియు రెండవ సమూయేలు గ్రంథము తరువాతి అధ్యాయములలో ఉన్నది. ఆ భాగమును ప్రసంగింపగా మేము వినలేదు.

ఎక్కడ, ఎవరితో నివసింపవలెనో ఎన్నుకొను హక్కు వికలాంగులకు కలదని 2006 నాటి ఐక్యరాజ్యసమితి ఒడంబడిక చెప్పుచున్నది. మన దేశము 2007లో దానికి ఒప్పుకొనెను. 2016 నాటి మన చట్టములోను సమాజము నడుమ జీవించు హక్కు వ్రాయబడినది. సికింద్రాబాదులో 1984లోనే ఈ బిడ్డలకొరకు జాతీయ సంస్థ ఏర్పడెను. 1999లో పార్లమెంటు చట్టముచేత నేషనల్ ట్రస్టు కలిగెను. తల్లిదండ్రుల తరువాత సంరక్షకుని నియమించుటకు మార్గము అందులోనే ఉన్నది. మన సంఘములలో ఎందరు తల్లిదండ్రులకు ఈ సంగతి తెలియును?

ఇక మన ఇంటి సంగతి. సంఘ రిజిస్టర్లు తిరుగవేసినప్పుడు, బాప్తిస్మము పొంది, వయస్సు మించినను కన్ఫర్మేషను గడి ఖాళీగా ఉన్న పేర్లు కొన్ని కనబడును. కొందరు ఊరు విడిచినవారు, కొందరు మృతులు. మిగిలినవారిలో కొందరు ప్రశ్నోత్తరములు కంఠతా పట్టలేరని ప్రభువు బల్లకు దూరముగా ఉంచబడినవారు. ఈ శతాబ్ది సంవత్సరములో గురువులును సంఘపెద్దలును గృహదర్శనమునకు బయలుదేరునప్పుడు, మొదట ఆ పేర్లను కాగితము మీద వ్రాసికొని వెళ్లవలెనని మేము కోరుచున్నాము.