శంషాబాదు దారిలో పరిశోధన క్షేత్రాలు : భూమి, వంగడం, పేరు

ఉపోద్ఘాతం

హైదరాబాదు నగరం నుంచి శంషాబాదు విమానాశ్రయానికి వెళ్లే దారిలో, ఆరాంఘర్ కూడలికి పడమరగా రాజేంద్రనగర్ విద్యాక్షేత్రం ఉంది. వ్యవసాయ విశ్వవిద్యాలయం, భారతీయ వరి పరిశోధన సంస్థ, జాతీయ వ్యవసాయ పరిశోధన యాజమాన్య అకాడమీ, జాతీయ గ్రామీణాభివృద్ధి సంస్థ వంటివి ఇక్కడ దగ్గరదగ్గరగా నెలకొన్నాయి. ఉన్నత విద్యను గురించిన చర్చల్లో ప్రవేశాలు, నియామకాలు, ర్యాంకులు, ప్రచురణలు ప్రస్తావనకు వచ్చినంతగా భూమి ప్రస్తావనకు రాదు. వ్యవసాయ పరిశోధనకు మాత్రం భూమి కేవలం ఆవరణ కాదు, ప్రధాన సాధనం. ఈ ప్రాంతపు అరవై ఏళ్ల చరిత్ర అందుకు సాక్ష్యం.

క్షేత్ర నిర్మాణం

తెలుగు నేలమీద వ్యవసాయ ఉన్నత విద్య రెండు వేర్వేరు పాలనల కింద మొదలైంది. మద్రాసు రాష్ట్రంలో భాగంగా ఉన్న బాపట్లలో 1945లో వ్యవసాయ కళాశాల ఏర్పడింది. ఆ మరుసటి ఏడు నిజాం రాజ్యంలో, ఉస్మానియా విశ్వవిద్యాలయం కింద హైదరాబాదు వ్యవసాయ కళాశాల ఆరంభమైంది. ఈ రెండు పాయలను కలుపుతూ 1964 జూన్ 12న ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ విశ్వవిద్యాలయం అవతరించింది. 1965 మార్చి 20న ప్రధాని లాల్ బహదూర్ శాస్త్రి దానిని ప్రారంభించారు. బోధన, పరిశోధన, విస్తరణ అనే మూడింటినీ ఒకే సంస్థ నిర్వహించాలన్న అమెరికా విశ్వవిద్యాలయాల నమూనాను అనుసరించిన ఈ సంస్థకు తొలి దశలో కాన్సస్ స్టేట్ విశ్వవిద్యాలయం తోడ్పడింది. ఈ నమూనాలో తరగతి గది ఎంత అవసరమో, దానిని ఆనుకొన్న పొలమూ అంతే అవసరం.

1965లోనే అఖిల భారత సమన్విత వరి అభివృద్ధి పథకం హైదరాబాదు కేంద్రంగా మొదలైంది. దేశంలోని భిన్న ప్రాంతాల్లో ఒకే వంగడాన్ని ఒకే పద్ధతిలో పరీక్షించి, ఫలితాలను ఒకచోట సరిచూడడం దాని విధానం. 1968లో విడుదలైన ‘జయ’ ఆ విధానం ఇచ్చిన తొలి గొప్ప ఫలితం. ఆ పథకమే క్రమంగా నేటి భారతీయ వరి పరిశోధన సంస్థగా పరిణమించింది.

పేర్లలో నిలిచిన ఊళ్లు

వరి వంగడాల సంకేతనామాల్లో ఈ పరిశోధన భూగోళం అక్షరరూపంలో నిలిచింది. 1986లో బాపట్ల నుంచి వెలువడిన సాంబ మహసూరి రైతు నోట ‘బీపీటీ’. ఆ మూడు అక్షరాలు బాపట్లను సూచిస్తాయి. 2015లో విడుదలైన తెలంగాణ సోనా సంకేతం ఆర్‌ఎన్‌ఆర్ 15048. ఇక్కడ ఆర్‌ఎన్‌ఆర్ అంటే రాజేంద్రనగర్. దాని జన్మకు కారణమైన రెండు వంగడాలు ఎంటీయూ 1010, జేజీఎల్ 3855. మొదటిది పశ్చిమ గోదావరిలోని మారుటేరును, రెండవది జగిత్యాలను పేర్కొంటాయి. అంటే ఒక్క వంగడం వంశావళిలోనే గోదావరి డెల్టా, ఉత్తర తెలంగాణ, హైదరాబాదు శివారు కలిశాయి. ఇంగ్లీషు అక్షరాల సంక్షేపాలుగా పుట్టిన ఈ మాటలు ధాన్యం మార్కెట్లలోనూ బియ్యం దుకాణాల్లోనూ తెలుగు మాటలుగా స్థిరపడ్డాయి. పలికేవారికి ఊరు తెలియకపోయినా ఊరి పేరు మాత్రం మాటలో మిగిలింది.

విమానాశ్రయం తరువాత

హైదరాబాదుకు తాగునీరు అందించిన ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాల రక్షణకై 1996లో ప్రభుత్వం 111వ ఉత్తర్వు జారీ చేసింది. పరివాహక ప్రాంతంలోని 84 గ్రామాల్లో నిర్మాణాలను అది పరిమితం చేసింది. ఆ పరిమితి అమలులో ఉండగానే శంషాబాదు వద్ద సుమారు 5,500 ఎకరాల్లో విమానాశ్రయం నిర్మితమై, 2008 మార్చి 23న రాకపోకలు ఆరంభించింది. 2009 అక్టోబరులో మెహిదీపట్నం నుంచి ఆరాంఘర్ దాకా 11.6 కిలోమీటర్ల పి.వి. నరసింహారావు ఎక్స్‌ప్రెస్ వే తెరుచుకుంది. ఒకప్పుడు ఊరి వెలుపలిదిగా ఉన్న రాజేంద్రనగర్ విమానాశ్రయ మార్గంలో నగర మధ్యభాగమైంది. 2022లో 111వ ఉత్తర్వులోని ఆంక్షలను ప్రభుత్వం తొలగించింది. పరిశోధన క్షేత్రాల విలువను పంటతో కాక గజాల లెక్కన చూసే దృష్టి ఈ మార్పులతో బలపడింది.

రాష్ట్ర విభజన అనంతరం 2014లో ఈ ప్రాంగణం ప్రొఫెసర్ జయశంకర్ పేరిట ఏర్పడిన తెలంగాణ వ్యవసాయ విశ్వవిద్యాలయానికి చెందింది. 2024 జనవరిలో రాష్ట్ర ప్రభుత్వం 55వ ఉత్తర్వు ద్వారా బుద్వేల్, ప్రేమావతిపేట పరిధిలోని 100 ఎకరాలను హైకోర్టు నూతన భవన సముదాయానికి కేటాయించింది. విద్యార్థులు ఆందోళనకు దిగారు. అయినా మార్చి 27న శంకుస్థాపన జరిగింది. మూసీ ఒడ్డున వందేళ్ల నాటి కట్టడంలో ఇరుకుగా సాగుతున్న న్యాయస్థానానికి చోటు కావాలన్నది న్యాయమైన అవసరమే. ఇక్కడ తలపడినవి రెండు ప్రజావసరాలు. అయితే భవనాన్ని మరొక చోట కట్టవచ్చు. ఏళ్ల తరబడి నేల స్వభావాన్ని, నీటి నడకను నమోదు చేసిన ప్రయోగ క్షేత్రాన్ని మరొక చోటికి మార్చడం సాధ్యం కాదు. బదులుగా అంతే విస్తీర్ణం ఇచ్చినా, ఆ నమోదు మళ్లీ మొదటి నుంచి ప్రారంభం కావలసిందే.

ప్రయోగశాల, పొలం

జన్యు సాంకేతికత ఎదిగిన నేటి దశలో పొలం అవసరం తగ్గిందన్న వాదన రావచ్చు. సాంబ మహసూరి చరిత్ర ఆ వాదనను నిలవనీయదు. ఎండాకు తెగులును తట్టుకొనే మెరుగైన సాంబ మహసూరిని సీసీఎంబీ, వరి పరిశోధన సంస్థ కలిసి రూపొందించగా 2008లో అది విడుదలైంది. 2025 మే 4న కేంద్ర వ్యవసాయ మంత్రి ప్రకటించిన ‘కమల’ (డీఆర్ఆర్ ధాన్ 100) రాజేంద్రనగర్‌లోనే జన్యు సవరణ ద్వారా రూపొందింది. దాని మాతృక కూడా సాంబ మహసూరే. మాతృక కంటే సుమారు 19 శాతం అధిక దిగుబడి, సుమారు 20 రోజుల ముందే కోత దాని విశేషాలని సంస్థ పేర్కొంది. పరీక్షల గణాంకాలపై ఆ తరువాత విమర్శలూ వచ్చాయి. సవరణ జరిగింది ప్రయోగశాలలో. సవరణకు ఆధారమైన గింజ మాత్రం బాపట్ల పొలంలో పుట్టింది. ఫలితం నిజమో కాదో తేల్చవలసిందీ పొలమే. విమర్శకులు ప్రశ్నించినదీ, సంస్థ సమర్థించుకొన్నదీ క్షేత్ర ఫలితాలనే.

ముగింపు

సంకరం చేసిన నాటి నుంచి విత్తనం రైతు చేతికి చేరేదాకా సాధారణంగా పదేళ్లకు తక్కువ పట్టదు. ప్రభుత్వాల కాలపరిమితి ఐదేళ్లు. భూముల ధర ఏటేటా మారుతుంది. ఈ మూడు కాలప్రమాణాల మధ్య పొంతన కుదర్చడమే నేటి వ్యవసాయ ఉన్నత విద్య ముందున్న అసలు సమస్య. విశ్వవిద్యాలయ భూమిని ఖాళీ స్థలంగా కాక ప్రయోగశాలలో భాగంగా గుర్తించే విధానం లేనంతకాలం, ప్రతి కొత్త రహదారీ పరిశోధనకు ఒక కొత్త ప్రశ్న అవుతుంది. రాబోయే వంగడాలకూ ఆర్‌ఎన్‌ఆర్ అన్న పేరు ఉండవచ్చు. ఆ పేరు వెనుక పొలం ఉంటుందా, జ్ఞాపకం మాత్రమే ఉంటుందా అన్నది శంషాబాదు దారిలో ఇప్పుడు తీసుకొనే నిర్ణయాలపై ఆధారపడి ఉంది.